తమలపాకు కింద

జల్లెడలో మిగిలిన గాజుపెంకును కట్టమ్మ రెండు వేళ్లతో తీసి, ఎండకు పట్టి చూసి, పక్కనున్న డబ్బాలో వేసింది. మన్ను జల్లించడం ఆమెకు పిండి జల్లించడం లాంటిదే. చేతులు వాటంతటవే ఊగుతాయి. ముల్లయినా, పెంకయినా, చిన్న రాయయినా మొదట వేలికి తెలుస్తుంది, తర్వాతే కంటికి. గోదాలో పడే పిల్లల వీపులకు తగలకముందే తన వేలికి తగలాలి. ముప్పై ఏండ్లుగా అదే పని.

దసరా ఇంకా ఐదు రోజులుంది. పండుగకు గోదాలో మన్ను మార్చాలి. జల్లించిన పుట్టమన్నులో పసుపు, నువ్వుల నూనె, పులిసిన మజ్జిగ పోసి కలిపి, గంపలకెత్తి, కుస్తీ, కర్రసాము నేర్పే తాలీం గడప దాకా తెచ్చి పెడుతుంది. అక్కడి నుంచి మగపిల్లలు లోపలికి మోస్తారు. ఆడవాళ్లు గోదాలో కాలు పెట్టరు. ఆమె కలిపిన మట్టిని నొసటికి పూసుకుని కుస్తీకి దిగినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ మట్టి లోపల ఎట్లా పరుచుకుంటుందో మాత్రం ఆమె గడప ఇవతలి నుంచి చూసిందే.

లోపలి నుంచి ఆమె భర్త, తాలీం ఉస్తాద్ ఎల్లేశం గొంతు వినిపిస్తోంది.

"ఊపిరి యాడున్నదిరా? ఛాతిల పెట్టకు. బొడ్డు కిందికి దించు. దించినవా? ఇగ కర్ర లేపు. కోపమొచ్చిందా? మల్ల దించు. కోపంతోని లేపితె అది కర్రగాదు, రోకలి. రోకలి మీ అవ్వ గూడ లేపుతది."

పిల్లలు నవ్వారు.

"ఒక్కపూట లేపి సూడు, తెలుస్తది" అని కట్టమ్మ తనలో తాను అనుకుని జల్లెడ దులిపింది.

ఆ నవ్వుల్లో సదానందం నవ్వు లేదు. వరుసగా రెండో పొద్దు అతను తాలీంకు రాలేదు. తెలంగాణ ఉద్యమంలో బడులు బందైన ఏడు, చేసేదేం లేక వచ్చి ఈ గడప దగ్గర నిలబడ్డ తల్లి లేని పిల్లవాడు. ఆమె జొన్న గట్క పోసి మామిడికాయ తొక్కు వేస్తే తిన్నాడు. ఇక పోలేదు. ఇప్పుడు తాలీంలో అతన్ని మించిన కర్ర లేదు. పోయిన ఎండాకాలం నుంచి ఎల్లేశం కుడిచెయ్యి వణుకుతోంది. అందుకని ఈ దసరాకు సదానందం తలకు ఎర్ర రుమాలు కట్టి ఉస్తాద్‌ను చేయాలని నిశ్చయమైంది.

మన్ను ఇంకా రెండు గంపలకు తక్కువ పడింది. ఏటా చెలకల నుంచి పుట్టమన్ను తెచ్చేది యాదగిరి. కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ. బస్తాలు లేని పూట ఎడ్లబండి మీద మన్ను తెచ్చి గడప బయట కుప్పపోస్తాడు. అతని మన్ను లోపలికి పోతుంది, అతని కులం పోదు. "నీది నాది ఒక్కటే లెక్క కట్టమ్మక్కా, గడప దాకనే" అని నవ్వేవాడు. నిన్న రావలసిన బండి ఇంకా రాలేదు.

ఎండ ఎక్కుతుండగా బండి వచ్చింది. అందులో మన్ను లేదు. పగ్గాలు యాదగిరి భార్య కొమురమ్మ చేతిలో ఉన్నాయి. యాదగిరి వెనక గడ్డి మీద, కుడిచేతిని ఎడమచేతితో పట్టుకుని, పాలిపోయిన ముఖంతో కూర్చుని ఉన్నాడు.

"ఉస్తాద్‌ను పిలువక్కా, చెయ్యి ఇరిగింది" అంది కొమురమ్మ.

కర్ర పట్టినవాళ్లకు ఎముకలు కట్టడం కూడా వస్తుంది. ఊళ్లో ఎవరికి ఎముక విరిగినా దవాఖాన కంటే ముందు ఎల్లేశం అరుగు మీదికే వస్తారు. కట్టమ్మ చేతులు కడుక్కుని రెండు గుడ్లు పగలగొట్టి తెల్లసొన గిన్నెలోకి వంచింది. మినపపిండి కలిపింది. పాత ధోవతి చించి పట్టీలు చేసింది. దూలం సందులోంచి వెదురు బద్దలు తీసింది.

ఎల్లేశం లంగోటి మీద పంచె చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు. వణికే చెయ్యి విరిగిన ఎముక మీద పడగానే వణకడం మానింది. అది ఎప్పుడూ అంతే. వేళ్లు మోచేతి నుంచి కిందికి, చీమ నడిచినట్టు నడిచాయి. మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, వెలుపలి వైపు, ఆగాయి.

ఆగి, అక్కడే ఉండిపోయాయి.

ఆ చోటేదో కట్టమ్మకు కూడా తెలుసు. గడప ఇవతల కూర్చుని ఎన్నివేల సార్లు చూడలేదు! కర్ర కిందికి దిగి, మణికట్టు మెలితిరిగి, కిందినుంచి పైకి లేచే దెబ్బ. ఎదుటివాని చేతిలోని కత్తిని కింద పడేసే దెబ్బ. ఈ చుట్టుపక్కల మరే తాలీంలోనూ నేర్పరు. "చేతిల ఆయుధం ఉన్నోనికే గిది. ఒట్టి చేతిమీద ఏసినోడు నా గోదా తొక్కొద్దు" అని చెప్పాకే ఎల్లేశం దాన్ని నేర్పుతాడు.

"ఎట్ల ఇరిగింది?" అన్నాడు ఎల్లేశం, తల ఎత్తకుండా.

యాదగిరి భార్య ముఖం చూశాడు. "బస్త మీద పడ్డది ఉస్తాద్."

"ఏం బస్త!" కొమురమ్మ గొంతు లేచింది. "పటేల్ గోదాముల బస్తాల నెట్టు కూలి మొన్న మనిషి సచ్చిపోలేదా? నెట్టు ఎత్తు తగ్గించేదాక బస్త ఎత్తమని వీళ్లంత యార్డు గేటు కాడ కూసున్నరు. నిన్న పొద్దుగాల గోదాములకెల్లి ఆరుగురు కర్రలు పట్టుకొని వచ్చిన్రు. మొఖాలకు రుమాళ్లు కట్టుకున్నరు. మొఖం దాస్తరు గని, నిలబడే తీరు దాస్తరా ఉస్తాద్? ఎడమకాలు ముందుకేసి, గిట్ల..."

"ఊకో" అన్నాడు యాదగిరి.

ఎల్లేశం ఇంకా ఆ చోటు మీద నుంచి వేలు తీయలేదు. "నీ చేతిల ఏముండె?"

"ఏముంటది ఉస్తాద్? సద్ది మూట."

ఎల్లేశం అతని మణికట్టు పట్టుకున్నాడు. కట్టమ్మ మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంది. అతను లాగాడు. ఎముక లోపల టక్కుమంది. యాదగిరి నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. పిండి పట్టు వేసి, బద్దలు పేర్చి, పట్టీ చుట్టి, "ఇరవై ఒక్క రోజు కదిలియ్యకు" అని లేచాడు. బావి దగ్గర అతను చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. గుడ్డుసొన అంతసేపు అంటుకుని ఉండదు.

*

మర్నాడు మధ్యాహ్నం సదానందం వచ్చాడు. తలకు నూనె రాసి పక్కకు దువ్వుకున్నాడు. భుజాన కర్ర ఉంది.

"అవ్వా, జర నా కర్రకు నూనె మంచిగ పట్టియ్యి. పండుగనాడు మెరవాలె."

అరుగు మీద గోనెపట్టా పరిచి కట్టమ్మ అప్పటికే కర్రలకు నూనె పడుతోంది. దసరాకు ముందు తాలీం కర్రలన్నీ ఆమె చేతుల్లోకి వస్తాయి. మొదట తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాత అరచేతిలో నూనె వంచుకుని కొన నుంచి కొన దాకా తిప్పుతూ పట్టించడం. కర్ర పగలకుండా ఉండేది ఈ నూనెతోనే. ఏ కర్ర ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఒకరు పట్టుకునే చోట గరుకు, ఒకరి చోట నునుపు.

"అన్నం తిన్నవా?"

"లే."

లోపలికి పోయి అన్నం, పప్పుచారు, వేయించిన ఎండుమిరపకాయలు తెచ్చి పెట్టింది. అతను తింటుంటే అతని కర్రను ఒడిలోకి తీసుకుంది. కొసకున్న ఇత్తడి పొన్ను సందులో గుడ్డ దారాలు రెండు ఇరుక్కుని ఉన్నాయి. ఎర్రగళ్ల గుడ్డవి. కొమురమ్మ ఇంట్లో సద్ది కట్టే గుడ్డ. పొన్ను అంచున ఎండిపోయిన నల్లటి మరక. సూదితో దారాలు బయటికి లాగి తన చీరకొంగు మీద పెట్టుకుంది.

"యాదగిరి సద్ది మూటల ఏముండె బిడ్డా?"

అతని చెయ్యి కంచంలోనే ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

"పాణం తియ్యలేదవ్వా. చెయ్యే చూసి కొట్టిన. నేర్చుకున్నోన్ని గాబట్టి చేతిమీద ఆగింది. నేను పోకుంటె పటేల్ వరంగల్లుకెల్లి మందిని తెప్పిస్తుండె. వాళ్లయితె తలకాయలు పగులకొడ్తరు. అప్పుడు మంచిగుంటుండెనా?"

"అంటె నువ్వు వానికి మేలే జేసినవన్నట్టు."

"ఎక్కిరియ్యకవ్వా. ఈ తాలీం జాగ ఎవలిది? పటేల్‌ది. ఈ కప్పు పెంకులు ఆయన ఏయించినయే. ఉస్తాద్ చెయ్యి వణుకుతాంది. నేను గూడ కాదంటె రేపు దీంట్ల పత్తి పోస్తరు. ఆయన యాభై మందికి నేర్పియ్యమంటాండు. యాభై మంది! మన గోదాల ఎన్నడన్న అంతమంది ఉన్నరా?" అతని గొంతులో నిజంగానే సంబరం ఉంది. "ఒక్కని చెయ్యి. కట్టు కడితె అతుకుతది. ఉస్తాద్ కట్టనే కట్టిండు గదా."

వాడు అబద్ధం చెప్పడం లేదు. దాచడం కూడా లేదు. ఇంటి పని చేసి వచ్చిన కొడుకు చెప్పినట్టు చెబుతున్నాడు. అలవాటు కొద్దీ కట్టమ్మ వాని కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. వేసినందుకు ఆ రోజంతా తనను తాను తిట్టుకుంది.

*

దారాలు రెండూ తెచ్చి ఎల్లేశం అరచేతిలో పెట్టింది. అతను నులకమంచం మీద కూర్చుని పండుగకు రుమాలు మడతపెడుతున్నాడు.

"ఇవి సదానందం పొన్నుల దొరికినయ్."

అతను చూశాడు. అరచెయ్యి వణుకుతుంటే దారాలు బతికున్నవాటిలా కదిలాయి.

"నేర్పుడు నా పని. గడప దాటినంక ఎవల పాపం వాళ్లది" అన్నాడు.

"యాదగిరి చెయ్యి పట్టుకోంగనే నీ ఏళ్లు ఆగినయ్. నేను సూడలేదనుకున్నవా?"

"నలభై ఏండ్లాయె ఈ మన్నుల వడి. నా ఉస్తాద్ నాకు కట్టిన రుమాలిది. నేను కట్టకుండ పోతె ఎట్ల? పటేల్‌ను కాదంటె ఇల్లు గూడ ఉండది, తెల్సా? ఇదీ ఆయన జాగనే."

"తెల్సు."

"తెలిస్తె ఊకో."

అతనే మళ్లీ అన్నాడు, గొంతు తగ్గించి: "ఆకు కింద ఎప్పటితీర్గనే నువ్వే నిలబడాలె. వేరేటోళ్ల పాణం నిలబడది."

దసరా నాడు చివరి ఆట అదే. కట్టమ్మ తల మీద తమలపాకు పెడతారు. ఉస్తాద్ పూర్తి బలంతో కర్ర తిప్పి ఆకు మీదికి దించి ఆపుతాడు. గాలికి ఆకు కదలాలి, కర్రకు నలగకూడదు. కింద నిలబడ్డ మనిషి రెప్ప పడకూడదు. రెప్ప పడితే తప్పు నిలబడ్డవాళ్లది కాదు, కర్ర పట్టినవాడిది. అవతలి మనిషికి భయం పుట్టించేది ఎవరికైనా వస్తుంది, భయం పుట్టనియ్యనిదే తాలీం అని ఎల్లేశం ఏటా జనం ముందు చెబుతాడు. పెండ్లయిన రెండో ఏడు నుంచి ఆమె అట్లా నిలబడుతోంది. ఊపిరి బొడ్డు కిందికి దించాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. గడప ఇవతల విని నేర్చుకుంది. ఆమె ఎన్నడూ కర్రను చూడదు, కర్ర పట్టినవాని కళ్లలోకి చూస్తుంది. ఒక్కసారి కూడా రెప్ప పడలేదు.

"నిలబడ్త" అంది.

పొయ్యి దగ్గరికి పోయి పిండి పిసుకుతుంటే ఆలోచన వచ్చింది. రెప్ప మూస్తే? తనకు తానుగా మూసేస్తే? ఊరి ముందు నోరు తెరిచి చెప్పలేనిది కళ్లు మూసి చెప్పొచ్చు. ఆ ఆలోచనకు చేతులు ఆగిపోయాయి. అది మోసం. ముప్పై ఏండ్ల నిలబాటును ఒక్క క్షణంలో మన్నులో కలపడం. పన్నెండేండ్లు అన్నం పెట్టిన పిల్లవాని తలమీంచి రుమాలు లాగేయడం. పిండి ముద్దను తిప్పి తిప్పి పిసికింది. పండుగ దాకా, ఏ పని చేస్తున్నా, మూయాలి అని ఒకసారి, వద్దు అని ఒకసారి అనుకుంటూనే ఉంది. పండుగనాడు పొద్దున తలస్నానం చేసి తల తుడుచుకుంటూ, మూయాలి అని గట్టిగా అనుకుంది.

*

తాలీం ముందు వాకిట్లో నీళ్లు చల్లారు. జమ్మికి పోయే జనమంతా ఆగి నిలబడ్డారు. కరుణాకర్ పటేల్ తెల్లచొక్కాతో కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ఇత్తడి పళ్లెంలో ఎర్ర రుమాలు, కొబ్బరికాయ, పసుపు. జనం వెనక, దూరంగా, మెడలోంచి వేలాడదీసిన కట్టుచేతితో యాదగిరి నిలబడి ఉన్నాడు. కొమురమ్మ రాలేదు.

పిల్లల దండీలు, బైఠకీలు అయ్యాయి. జోడుకర్రలయ్యాయి. ఎల్లేశం గోదా మట్టి చిటికెడు తెచ్చి సదానందం నొసటికి పెట్టాడు. సదానందం వంగి అతని కాళ్లు మొక్కి, తర్వాత కట్టమ్మ దగ్గరికి వచ్చి ఆమె కాళ్లూ మొక్కాడు.

"భయపడకవ్వా" అన్నాడు మెల్లగా.

ఆ మాట ఎల్లేశం ఎన్నడూ అనలేదు. అవసరం రాలేదు.

ఎల్లేశం ఆమె తల మీద ఆకు పెట్టి, రెండు మూరల దూరంలో పక్కకు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెప్పను చూసేవాళ్లు కూర్చునే చోటు అది. ఏటా వేరొకరు కూర్చునేవారు. ఈసారి అతను.

డప్పు ఆగింది. సదానందం ఎడమకాలు ముందుకు వేశాడు. కర్ర తిరగడం మొదలైంది. గాలి కోసుకుపోయే చప్పుడు. అతను చుట్టూ తిరుగుతూ దగ్గరవుతున్నాడు. ఎక్కడా తొందర లేదు. ఊపిరి బొడ్డు కింద ఉంది. ముఖంలో కోపం లేదు. ఎల్లేశం చెప్పినవన్నీ, ఒక్కటీ తప్పకుండా, ఆ ఒంట్లో ఉన్నాయి.

కట్టమ్మ అతని కళ్లలోకి చూసింది. నిర్మలంగా, నిదానంగా ఉన్నాయి. పోయిన ఏడు ఇట్లాగే ఉన్నాయి. కంచం ముందు ఇట్లాగే ఉన్నాయి. సద్ది మూట పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు కూడా ఇట్లాగే ఉండి ఉంటాయి అనుకుంది. కర్ర లేచింది. మూయాలి అనుకుంది. మూసే అవసరం లేకపోయింది.

కర్ర ఆగింది. ఆకు గాలికి వణికి నిలబడింది. ఎక్కడా నలగలేదు.

జనం ఈలలు వేశారు. డప్పు అందుకుంది. "శభాష్!" అని కరుణాకర్ పటేల్ కుర్చీలోంచి లేచాడు. "కట్టు ఉస్తాద్, రుమాలు కట్టు."

ఎల్లేశం మోకాళ్ల మీద నుంచి లేవలేదు. కట్టమ్మ ముఖంకేసి చూస్తూ ఉన్నాడు. ఆమె తల తిప్పలేదు.

"ఉస్తాద్?"

"రెప్ప పడ్డది" అన్నాడు ఎల్లేశం.

డప్పు తడబడి ఆగింది. పటేల్ నవ్వాడు. "ఎండ కొట్టి ఉంటది లే. వయసు మీద పడ్డ మనిషాయె. ఆకు నలగలేదు గదా, చూసినం గదా అందరం."

"ముప్పై ఏండ్లు ఇదే ఎండల నిలబడ్డది పటేలా." ఎల్లేశం చేత్తో నేల ఊతం తీసుకుని లేచాడు. వచ్చి సదానందం ఎదుట నిలబడ్డాడు. "ఒక్కటే అడుగుత. యాదగిరి చేతిల ఏముండె?"

సదానందం పటేల్ వైపు చూశాడు. తర్వాత కట్టమ్మ వైపు. పదేండ్లప్పుడు గిన్నె పగలగొట్టి చూసినట్టు.

"చెప్పుర. నీ నోటితోని."

"సద్ది" అన్నాడు సదానందం. అతని గొంతు ముందు వరుస వాళ్లకే వినిపించింది.

ఎల్లేశం పళ్లెంలోని రుమాలు తీసుకున్నాడు. మడత మీద మడత పెట్టి, సరిగ్గా రాక, విప్పి మళ్లీ పెట్టి, చివరికి భార్య చేతిలో పెట్టాడు. "ఇంట్ల పెట్టు" అన్నాడు.

పటేల్ కుర్చీ తీయించుకుని వెళ్లిపోయాడు. సదానందం కర్ర భుజాన వేసుకుని, అదే దారిన పోయాడు. ఆకు కట్టమ్మ తలమీద ఇంకా అట్లాగే ఉంది. ఆమే తీసేసుకుంది.

*

మూడోనాడు తాలీంకు తాళం పడింది. పటేల్ మనుషులు మర్యాదగానే వచ్చారు. కర్రలు, ముగ్దర్లు, ఆంజనేయుని పటం బయట పెట్టారు. ఇల్లు దీపావళి దాకా ఉండొచ్చన్నారు. మన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె జల్లించిన మన్ను తాళం లోపలే ఉండిపోయింది. రేపో మాపో దాని మీద పత్తి బస్తాలు పడతాయి.

ఎల్లేశం అరుగు మీద కర్రల మోపు పక్కన కూర్చున్నాడు. రెండు రోజులుగా అతను ఆమెతో మాట్లాడలేదు.

"నిజం చెప్పు. నువ్వు మూసినవా, అదే పడ్డదా?"

కట్టమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "మూద్దామనే నిలబడ్డ" అంది. "నాకంటె ముందు అదే పడ్డది."

అతను తల ఊపాడు. "వాని కర్రల తప్పేం లేకుండె" అన్నాడు. "ఒక్క ఎంట్రుకంత తప్పు దొరుకుతదేమోనని సూసిన. దొరకలే. అంత మంచిగ నేర్పిన."

బజారు మలుపులో బండి చప్పుడైంది. యాదగిరి ఎడమచేత్తో పగ్గాలు పట్టుకుని తోలుకొస్తున్నాడు. బండిలో ముగ్గురు హమాలీలున్నారు. ఒకడు చెయ్యి పట్టుకుని ఉన్నాడు, ఒకడు కాలు చాపి పడుకున్నాడు, మూడోవాడు కళ్లు తెరవడం లేదు. ఈసారి దెబ్బలు చేతుల మీద ఆగలేదు.

"పొద్దుగాల మల్ల వచ్చిన్రు" అన్నాడు యాదగిరి. "ఈపారి మొఖాలకు రుమాళ్లు గూడ కట్టుకోలే."

ఎవరు వచ్చారని ఎల్లేశం అడగలేదు. కళ్లు తెరవనివాడి రెప్ప లేపి చూశాడు. "వీన్ని ఇక్కడ దించకు. సీదా మానుకోట దవాఖానకు తీస్కపో, జల్ది. ఈ ఇద్దరిని దించు."

ఇద్దరినీ అరుగు మీదికి చేర్చి బండి వెళ్లిపోయింది. కట్టమ్మ గుడ్లు పగలగొట్టింది. మినపపిండి కలిపింది. దూలం సందులో చెయ్యి పెట్టి వెతికింది. వెదురు బద్దలు లేవు. ఉన్నవన్నీ యాదగిరి చేతికే అయిపోయాయి.

"బద్దల్లేవు" అంది.

ఎల్లేశం చుట్టూ చూశాడు. తర్వాత పక్కనున్న మోపులోంచి ఒక కర్ర లాగాడు. అతనిదే. పట్టుచోటు అద్దంలా ఉంది. దాన్ని అరుగు అంచుకు ఆనించి, కొస మీద కత్తి పెట్టాడు. చెయ్యి వణికి కత్తి పక్కకు జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

కట్టమ్మ అతని చేతిలోంచి కత్తి తీసుకుంది. కొస మధ్యలో ఆనించి, రాయితో ఒక్క దెబ్బ కొట్టింది. ముప్పై ఏండ్లు తన చేతి నూనె తాగిన కర్ర, పగలడానికి మొరాయించింది. రెండో దెబ్బకు సన్నగా విచ్చుకుంది. మూడోదానికి నిలువునా రెండుగా చీలింది. లోపల ఇంకా పచ్చి వాసన ఉంది.

అతను చీలిన బద్దను అందుకుని అంచుల గరుకు గీకుతూ, "మోపుల ఎన్నున్నయ్?" అని అడిగాడు.

"ఇరవై ఎనిమిది."

అతను యార్డు వైపు బాట చూశాడు.

"ఇంకోటి చీల్చు" అన్నాడు.